ఆరెంజ్ జరిపితే మట్టి కూడా తెల్లబడింది

దాది పోయిన తర్వాత దినాలకు గోడకు తగిలించే ఫొటో మేమే చేశాం. చుట్టుపక్కల తండాలన్నిటికీ పెళ్లి ఫొటోలు తీసేది మేమే, మన ఇంటి ఫొటో ఇంకొకరి చేతికి ఎందుకివ్వాలి అనుకున్నాం. పోయినేడు తీజ్ పండుగనాడు తండా నడుమ వేపచెట్టు కింద తీసిన ఫొటో ఒకటి కంప్యూటర్‌లో ఉంది. ఎర్ర ఫేటియా, అద్దాలు కుట్టిన కాంచళి, చెంపల పక్కన వేలాడే వెండి టోప్లి, మోచేతి పైదాకా బలియలు, అన్నీ ఉన్న ఫొటో. రాత్రంతా కూచుని దిద్దాం. పొద్దున దేవరకొండ పోయి పెద్ద ప్రింటు తీయించి, ఫ్రేమ్ కట్టించి తెచ్చి దండ వేశాం. వచ్చినవాళ్లంతా ‘దాది ఎంత కళగ ఉన్నదిరా’ అన్నారు.

యాడి ఒక్కతే ఏమీ అనలేదు. చుట్టాలు పోయినంక ఫ్రేమ్ దగ్గరికి వచ్చి చాలాసేపు చూసింది. చూసి అడిగింది: ‘గదవ మీది పచ్చబొట్లు ఏమైనయ్‌రా?’

మేము ఒకరి మొఖం ఒకరం చూసుకున్నాం. మచ్చలు తీసే టూల్ పట్టుకుని, ముడతలతో పాటు వాటినీ తుడిచేశాం. తుడిచినట్టు మాకు గుర్తు కూడా లేదు.

మేము అంటే ముగ్గురం. ఇద్దరం దేవరకొండ దిక్కు తండాలో పుట్టిన అన్నదమ్ములం, ఒకడు అమ్రాబాద్ గుట్టల మీది చెంచు పెంట నుంచి వచ్చినవాడు. డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్‌లో కలిశాం. అప్పటి లెక్కన మాది నల్లగొండ, వాడిది మహబూబ్‌నగర్. 2016లో జిల్లాలు విడగొట్టినప్పుడు వాడి పెంట నాగర్‌కర్నూల్ జిల్లాలోకి పోయింది. నడుమ డిండి వాగు మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంది. ముగ్గురం చందా వేసుకుని పాత కెమెరా ఒకటి కొన్నాం. తీయడం చేతితో నేర్చుకున్నాం, దిద్దడం యూట్యూబ్ చూసి నేర్చుకున్నాం. ఆ వీడియోల్లో ఉన్న మనుషులు మన మనుషులు కాదు, ఆ ఆకాశం మన ఆకాశం కాదు. అది మాకు ఆలస్యంగా తెలిసింది.

మొదట మా మనసు దోచుకున్నది గ్రాడ్యుయేటెడ్ ఫిల్టర్. లైట్‌రూమ్‌లో 2008 నుంచి ఉంది, 2021 తర్వాత దాని పేరు లీనియర్ గ్రేడియంట్ అయింది. చెప్పాలంటే సులువే. తడిబట్టను రంగునీళ్లలో ఒక కొస ముంచి మెల్లగా పైకి లాగితే కింద చిక్కగా, పోను పోను పలచగా రంగు పడుతుంది కదా, అట్లాంటిదే. ఫొటో మీద మౌస్‌తో లాగితే మూడు గీతలు వస్తాయి. మొదటి గీత అవతల మనం చెప్పిన మార్పు పూర్తిగా పడుతుంది, నడుమ గీత దగ్గర సగం పడుతుంది, మూడో గీత దాటితే ఏమీ ఉండదు. మన ఎండల్లో దీని అక్కర చాలా ఉంది. మిట్టమధ్యాహ్నం చల్క నేల మీద మనిషిని నిలబెట్టి తీస్తే, మొఖం కనబడాలంటే ఆకాశం తెల్లకాగితం అవుతుంది, ఆకాశం నిలపాలంటే మొఖం బొగ్గవుతుంది. అందుకే పైనుంచి గుట్టల దాకా లాగి ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ తగ్గించాలి. ఒక స్టాప్ అంటే వెలుతురు సగానికి సగం. అప్పుడు తేలిపోయిన మబ్బులు మళ్లీ వచ్చి నిలబడతాయి. అయితే పూర్తిగా కాలిపోయిన తెలుపులో ఏమీ మిగలదు, దాన్ని ఏ ఫిల్టరూ తీసుకురాలేదు. అందుకే కెమెరాలో రా ఫైల్ పెట్టుకోవాలి. మామూలు జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లు ఉంటాయి, 14 బిట్ రా ఫైల్‌లో 16,384.

ఈ పని కొత్తదేమీ కాదు. ఫిల్ము కాలంలో సగం నల్లగా, సగం తేటగా ఉండే అద్దం ఒకటి లెన్సు ముందు పెట్టేవారు. చీకటి గదిలో ప్రింటు వేసేటప్పుడు ఇంకో ఉపాయం ఉండేది. పటం కింది భాగానికి అట్ట అడ్డం పెట్టి, దాన్ని ఊపుతూ ఆకాశానికి మాత్రం ఇంకొన్ని సెకన్లు వెలుతురు ఇచ్చేవారు. ఆ కాగితం మీద వెలుతురు ఎక్కువ పడినచోట నల్లబడుతుంది. అట్ట ఊపుతూ ఉండాలి, ఆపితే గీత పడుతుంది. ఇప్పుడు ఆ ఊపడం కంప్యూటర్ చేస్తుంది.

ఆ ఉత్సాహంలో వానలు వెలిసినంక మనోడి పెంటకు పోయాం. ఫరహాబాద్ దిక్కు ఒక బండ అంచున ముగ్గురు పెద్దమనుషులను నిలబెట్టి తీశాం. వెనక నల్లమల లోయ, పైన దూదిమబ్బులు. ఇంటికొచ్చి గ్రేడియంట్ లాగాం. ఆకాశం సినిమా పోస్టర్‌లా అయింది. వాట్సాప్ స్టేటస్‌లో పెడితే ఫ్రెండ్సంతా మెచ్చుకున్నారు. ప్రింటు తీసుకుపోయి ఇస్తే మనోడి నాయన అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. ‘మబ్బు మంచిగొచ్చింది. నేనేడున్న?’ అన్నాడు.

నిజంగానే లేడు. ఫిల్టర్ గుట్టల గీత దాకా లాగాం. వాళ్ల తలలు ఆ గీతకు పైన ఉన్నాయి. ఆకాశంతో పాటు ముగ్గురి మొఖాలూ చీకట్లో కలిశాయి. మెడ కింద పంచె, చేతిలో విల్లు మాత్రం తేటగా ఉన్నాయి. ఫిల్టర్‌కు ఆకాశం ఏదో మనిషి ఏదో తెలియదు, గీతకు పైన ఏది, కింద ఏది, అంతే దాని లెక్క. మనిషి మీద పడినచోట బ్రష్‌తో తుడిచేయాలి. వీడియోలో ఆ మాట ఎవరూ చెప్పలేదు, ఎందుకంటే వాళ్ల ఫొటోల్లో మనుషులే లేరు, మంచుకొండలు, సముద్రాలు. ఆ రోజు నవ్వుకున్నాం. నవ్వుకోవడంతోనే సరిపెట్టుకున్నాం.

ఆ పెంటల వాళ్లను 1940లో కూడా ఒకాయన ఫొటోలు తీశాడు. ఆస్ట్రియా నుంచి వచ్చిన హైమండార్ఫ్. చెంచుల మధ్య తిరిగి రాసిన ఆయన పుస్తకం 1943లో అచ్చయింది. మనోడు ఆ పుస్తకంలో బొమ్మలు చూసినప్పుడు మొదట వెతికింది మొఖాలనే. నలుపు తెలుపులో ఉన్నా ఒక మేలుంది, ఎవరి రంగూ ఎవరూ మార్చలేదు కదా అన్నాడు. మేం అప్పుడు ఒప్పుకున్నాం. తర్వాత చదివితే నలుపు తెలుపులోనూ అంత నీతి లేదని తెలిసింది. పాతకాలపు ఆర్థోక్రొమాటిక్ ఫిల్ముకు ఎరుపు కనబడదు, అందుకని ఎర్రటి చాయ ఉన్న ఒళ్లు ఉన్నదానికన్నా నల్లగా వచ్చేది. రంగుల ఫిల్ము వచ్చినంక కొడాక్ కంపెనీ ల్యాబులకు ఒక కార్డు పంపేది. దాని మీద ఒక తెల్లమ్మాయి బొమ్మ. మొదట దిగిన ఉద్యోగిని పేరు మీద దాన్ని షర్లీ కార్డు అనేవారు. ఆమె ఒంటిరంగు సరిగా వస్తే మిషను సరిగా ఉన్నట్టు. నల్లవాళ్ల మొఖాలు సరిగా రావడం లేదన్న మాట ఎప్పటి నుంచో ఉన్నా, చెక్కసామాను వాళ్లు, చాక్లెట్ వాళ్లు తమ సరుకు రంగు రావడం లేదని గొడవపెట్టినంక గోధుమరంగుల మీద కంపెనీ దృష్టి పడిందని లోర్నా రాత్ అనే కెనడా పరిశోధకురాలు 2009లో రాసింది. రకరకాల ఒంటిరంగుల మనుషులున్న కార్డు 1990ల్లో గానీ రాలేదు.

మళ్లీ దాది ఫొటో దగ్గరికి వస్తాం. పచ్చబొట్లు ఒక్కటే కాదు, యాడి అడగని తప్పు ఇంకోటి ఉంది. దాన్ని మేమే పట్టుకున్నాం.

లైట్‌రూమ్‌లో రంగుల పెట్టె ఒకటి ఉంటుంది. ఎరుపు, ఆరెంజ్, పసుపు, ఆకుపచ్చ, ఆక్వా, నీలం, ఊదా, మెజెంటా, ఎనిమిది రంగులు. ఒక్కోదానికి మూడు స్లైడర్లు. హ్యూ అంటే రంగు పక్క రంగు వైపు జరగడం, శాచురేషన్ అంటే చిక్కదనం, ల్యూమినెన్స్ అంటే ఆ రంగు వెలుగు. మనిషి ఒళ్లు తెల్లదైనా నల్లదైనా ఎక్కువగా ఆరెంజ్ కిందికే వస్తుంది. పెళ్లి ఫొటోలు చేసేవాళ్లందరికీ తెలిసిన చిట్కా ఏమిటంటే, ఆరెంజ్ ల్యూమినెన్స్ పెంచు, శాచురేషన్ కొంచెం దించు, పిల్ల తెల్లగా అయిపోతుంది. మేమూ అదే చేశాం. చేయి అలవాటుగా పోయింది.

ఒరిజినల్‌ను పక్కన పెట్టుకుని చూస్తే గానీ తెలియలేదు. దాది కాళ్ల కింద మన ఎర్రమట్టి సున్నం చల్లినట్టుగా పాలిపోయింది. ఇత్తడి బిందె రంగు పోయింది. బలియల పాత పసుపు పోయింది. ఫేటియా ఎరుపులో సగం ఆరెంజ్ ఉంటుంది కాబట్టి అది రోజాపువ్వు రంగుకు తిరిగింది. దాది ఎప్పుడూ కట్టని రంగు. మొఖం ఒక్కటే తెల్లబడాలని జరిపాం. మట్టీ మొఖమూ ఒకే స్లైడర్ మీద ఉన్నాయని మాకు ఎవరూ చెప్పలేదు.

లైట్‌రూమ్‌తో ఒక మంచి ఉంది. అది అసలు ఫొటోను ముట్టుకోదు, మనం చెప్పినవన్నీ వేరే రాసిపెట్టుకుని చూపిస్తుంది. రీసెట్ నొక్కితే దాది పచ్చబొట్లతో, ముడతలతో తిరిగొచ్చింది. అందరికీ ఆ అదృష్టం లేదు. మనోడి అమ్మమ్మది ఒకే ఒక ఫొటో ఉండేది. ఎవరో ఫోన్‌లో బ్యూటీ యాప్ పెట్టి దాని మీదే సేవ్ చేశారు. అసలుది ఇక లేదు. ఉన్నదాంట్లో ముక్కు కూడా ఆమెది కాదంటాడు.

రెండోసారి మెల్లగా చేశాం. ముందు వైట్ బ్యాలెన్స్. వేపాకు నీడ మొఖం మీద పచ్చగా పడింది. వెనక సున్నం వేసిన గోడ మీద నొక్కితే ఆ పచ్చదనం పోయింది. ఎడమ మూలన ఆకుల సందులోంచి ఆకాశం మండుతోంది. అక్కడ గ్రేడియంట్ ఏటవాలుగా లాగి ఒక స్టాప్ తగ్గించి, టోప్లి మీద పడిన మేరకు తుడిచేశాం. మొఖం నీడలో ఉన్నమాట నిజం, కనబడాలి కదా. అక్కడ ఆరెంజ్ ముట్టుకోకుండా, మొఖం మేరకు బ్రష్ పెట్టి ఎక్స్‌పోజర్ అర స్టాప్ పెంచాం. ఈ రెండింటికీ తేడా ఏమిటో మాకు ఆ రోజే చేతికి తెలిసింది. ఎక్స్‌పోజర్ పెంచడమంటే దాదిని నీడలోంచి ఎండలోకి రెండడుగులు నడిపించినట్టు. అప్పుడూ ఆమె నలుపే, వెలుతురులో ఉన్న నలుపు. ఆరెంజ్ జరపడమంటే ఆమె బదులు ఇంకొకరిని కూచోబెట్టడం.

ఫేటియా దగ్గర కష్టమైంది. కెమెరాలకు మన ఎరుపు ఎక్కువ, ముద్దగా వస్తుంది, కుట్టు కనబడదు. ఎరుపు శాచురేషన్ తగ్గించి, ల్యూమినెన్స్ కూడా కొంచెం దించితే దారాలు ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. గవ్వలు, అద్దాలు, నడుమ నల్లదారం గీతలు. ఆ కుట్టు దాది సొంత చేతిది. తీజ్ బుట్టల్లో గోధుమ నారు పసుపుకూ ఆకుపచ్చకూ మధ్య రంగు, మొదటిసారి దాన్ని చిలకపచ్చ చేశాం. ఈసారి ఉన్నదున్నట్టు వదిలేశాం. పచ్చబొట్లు మూడు చుక్కలు. ముట్టుకోలేదు.

ఇదంతా చెప్పి మేమేదో మారిపోయామని అనడం లేదు. పెళ్లి బయోడేటాకు ఫొటో దిగడానికి వచ్చిన చెల్లెలు ఒకామె ముందే చెప్పింది, ‘అన్నా, జెర తెల్లగ చెయ్యి. మొన్నటి సంబంధం రంగు చూసే పోయింది.’ ఆమెకు షర్లీ కార్డు కథ చెప్పి ఏం లాభం? రెండు చేసి చూపించాం. వెలుతురు పెంచినది ఒకటి, ఆరెంజ్ జరిపినది ఒకటి. చాలాసేపు రెండూ చూసి తెల్లదే తీసుకుంది. ఇచ్చాం. డబ్బులూ తీసుకున్నాం. పోతూ పోతూ రెండోది కూడా ఫోన్‌కు పంపమంది, నా దగ్గర ఉంటదిలే అని. అది మంచో చెడో మా ముగ్గురికీ ఇప్పటికీ పడదు, చాయ్ దగ్గర కొట్లాడుకుంటాం.

ఆశ్రమ పాఠశాలల్లో, గురుకులాల్లో పనిచేసే సార్లకు, టీచర్లకు ఒక మాట. హాల్‌టికెట్ల ఫొటోలు తీసేది మీరే. ఫోన్ కెమెరాలో బ్యూటీ మోడ్ తనంతట తానే పెట్టుకుని ఉంటుంది, ఒక్కసారి తీసి చూడండి. బడిలో కంప్యూటర్ ఉంటే డార్క్‌టేబుల్, రా థెరపీ, గింప్ పైసా ఖర్చు లేకుండా వస్తాయి, గ్రేడియంట్ పని వాటిలోనూ చేసుకోవచ్చు. పిల్లలకు ముందు వాళ్ల ఇంటి ముందరి మట్టి ఫొటో ఇచ్చి ఆరెంజ్ స్లైడర్ ఆ కొస నుంచి ఈ కొసకు జరపమనండి. మొఖాలు తర్వాత.

కొత్త ప్రింటు తెచ్చిన రోజు యాడి పొలం నుంచి అప్పుడే వచ్చింది. చేతులు కడుక్కుని వచ్చి, ప్రింటును వెలుతురుకు పట్టుకుని చుక్కలు లెక్కపెట్టింది. మూడు. ‘ఫ్రేమ్ మళ్లీ కొనొద్దు, పైసలు దండగ. ఉన్నదాంట్లోనే పెట్టు’ అంది. మేకులు ఊడదీసి కొత్తది ముందర పెట్టాం. అట్ట కొంచెం వదులైంది. పాత ప్రింటు పారేయకుండా, బిగువుగా ఉండాలని దాని వెనకే పెట్టి మేకులు కొట్టాం. ఇప్పటికీ అక్కడే ఉంది.