మూడు కిలోల నాలుగు వందల గ్రాములు

పీటీ-76 ట్యాంకు బరువు 14 టన్నులు. నేలమీదా నడుస్తుంది, నీళ్లలోనూ ఈదుతుంది. దాన్ని పదహారో వంతు సైజులో చేస్తే పొడవు 43 సెంటీమీటర్లు వస్తుంది, వెడల్పు 20కి కాస్త తక్కువ. బరువు మాత్రం పదహారో వంతు కాదు. పొడవూ వెడల్పూ ఎత్తూ మూడూ పదహారు రెట్లు తగ్గుతాయి కాబట్టి బరువు 4,096 రెట్లు తగ్గాలి. అంటే దాదాపు 3 కిలోల 400 గ్రాములు. మోటార్లు, బ్యాటరీ, చైన్లు, టరెట్, ఆఖరికి రంగు కూడా అందులోనే. వంద గ్రాములు ఎక్కువైతే మోడల్ మిల్లీమీటరు పైచిలుకు దిగిపోతుంది. అసలు బండిలో అది దాదాపు రెండు సెంటీమీటర్లు.

ఈ లెక్కలోకి నన్ను దింపింది తిరుమలగిరిలో మా వీధి చివర ఉండే దఫేదార్ బాబాయ్. ప్రకాశం జిల్లా మనిషి. 1971లో తూర్పు సరిహద్దున పీటీ-76 డ్రైవరుగా పనిచేశారు. మా ఇంట్లో అద్దాల బీరువాలో ఉన్న చిన్న మోడల్ని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, “బాగుంది రా అబ్బాయ్. కానీ దీన్ని నీళ్లలో వదిలితే మునిగిపోతుంది గదా. తేలకపోతే అది పీటీ ఎట్లా అవుతుంది?” అన్నారు.

ఆ సరిహద్దు దగ్గరే జరిగిన గరీబ్‌పూర్ పోరులో ఆయన లేరు. అయినా 1971 నవంబర్ 21 పొద్దున పొగమంచులో మన పీటీ-76లు పాకిస్తాన్ చాఫీ ట్యాంకులకు ఎదురు నిలిచిన సంగతి, స్క్వాడ్రన్ కమాండర్ మేజర్ దల్జీత్ సింగ్ నారగ్ అక్కడే ప్రాణాలు వదలడం, ఆయనకు మరణానంతరం మహావీర చక్ర రావడం చెబుతుంటే బాబాయ్ గొంతు పూడుకుపోయేది. “దాని రేకు పల్చన. పల్చన గనకే తేలుతుంది. లోపల కూర్చున్న ప్రతివాడికీ ఆ సంగతి తెలుసు” అనేవారు. ఆ మాట విన్నాక, నీళ్లలో తేలే మోడల్ కట్టేటప్పుడు నేను తూకం దగ్గర రాజీపడలేదు.

బాడీని రెండు మిల్లీమీటర్ల ప్లాస్టిక్ షీటుతో కట్టాను. ఇత్తడి చైన్లు చూడ్డానికి ముద్దొస్తాయి గానీ, వాటి బరువే కిలోకి దగ్గర పడుతుంది. అందుకని ప్లాస్టిక్ చైన్లే వేశాను. అసలు బండిలో చక్రాలు లోపల గుల్లగా ఉంటాయి, అవి కూడా తేలడానికి సాయపడతాయి. పక్కకి ఆరు చొప్పున పన్నెండు చక్రాలనూ అలాగే గుల్లగా చేసి, అంచులు అతికించి, ఒక్కోదాన్నీ గ్లాసు నీళ్లలో ముంచి బుడగలు వస్తున్నాయేమో చూశాను. ఈ పని చేసినప్పుడు కలిగిన తృప్తి రంగు వేసినప్పుడు కూడా కలగలేదు.

అసలు బండికి వెనక రెండు వాటర్ జెట్లు. అడుగున ఉన్న జాలీలోంచి నీళ్లు లాగి వెనక్కి చిమ్ముతాయి. బండి తిరగాలంటే ఒక పక్క వెనక మూత మూసుకుంటుంది, నీళ్లు ఆ పక్క గోడలో ముందుకు తిరిగి ఉన్న రంధ్రంలోంచి వస్తాయి. రెండు మూతలూ మూస్తే వెనక్కి నడుస్తుంది. సర్వో మోటార్లతో నేనూ అదే ఏర్పాటు చేశాను.

మొదటిసారి మేడమీద సిమెంటు తొట్టిలో వదిలాం. మోటార్లు, పంపులు అన్నీ వెనకే ఉండటంతో తోక కిందికి దిగింది. బాబాయ్ తొట్టి గట్టున గొంతుక్కూర్చుని, బ్యాటరీని వేలితో చూపించి ముందుకు జరపమన్నారు. జరిపాను. ముక్కు దగ్గర కొంచెం సీసం కూడా పెట్టాక నీటిగీత సాపుగా వచ్చింది. “ముందు పలక లేపు” అన్నారు. లేపాను. అల లోపలికి రాకుండా ఆపేది అదే. కానీ అది లేస్తే డ్రైవరుకు ఎదర ఏమీ కనిపించదు, మధ్య పెరిస్కోపును ఎత్తుగా పెట్టుకోవాలి. ఆ పెరిస్కోపు మోడల్లో ఉందా లేదా అని ఆయన వంగి మరీ చూశారు. ఉంది.

వేగం సంగతి కూడా చెప్పాలి. పీటీ నీళ్లలో గంటకు 10 కిలోమీటర్లు పోతుంది. మోడల్ దాన్లో పదహారో వంతు పోతే అల సరిగా లేవదు. నాలుగో వంతు, అంటే రెండున్నర కిలోమీటర్లు పోవాలి. పదహారుకు వర్గమూలం నాలుగు. 1870లలో ఇంగ్లండులో విలియం ఫ్రూడ్ ఓడల నమూనాలను తొట్టిలో లాగి తేల్చిన సూత్రం ఇది. ఆ వేగం దగ్గర పలక కింద లేచిన అలను చూసి బాబాయ్ తలాడించారు. నాకు అంతకన్నా పెద్ద సర్టిఫికెట్ అక్కర్లేదు.

కట్టడం కన్నా కాపాడుకోవడమే కష్టం. చెరువులో దించిన ప్రతిసారీ జాలీలో నాచు ఇరుక్కుంటుంది, పట్టకారుతో పోగు పోగు తీయాలి. అడుగున ఉన్న బిరడా విప్పి, వాలుగా నిలబెట్టి, మంచినీళ్లతో కడిగి, ఫ్యాను కింద రాత్రంతా ఆరనివ్వాలి. ఇరుసులు నడిచే ఇత్తడి గొట్టాల్లో పాత గ్రీజు తెల్లబడిందంటే నీళ్లు చేరాయన్నమాట, మొత్తం తీసి కొత్తది దట్టించాలి. మూతల కింద రబ్బరు రింగులకు సిలికాన్ గ్రీజే రాయాలి, వాజిలీన్ రాస్తే కొన్ని రబ్బర్లు ఉబ్బిపోతాయి. బ్యాటరీని లోపల వదిలేయకూడదు. దించేముందు బిరడా బిగించామా లేదా అని చేత్తో తడిమి చూడటం నాకు బాబాయే నేర్పారు. వాళ్లు నదుల దగ్గర అదే చేసేవారట.

ఇప్పుడు బల్లమీద ఉన్నది మన ఎద్దుమైలారం ఫ్యాక్టరీలో తయారైన బీఎంపీ-2 సారథ్ బండికి మోడల్. దీనికి జెట్లు లేవు, నీళ్లలో చైన్లే తోస్తాయి. చిన్న సైజులో ఆ తోపు చాలడం లేదు. చైన్ల పైన నీటిని వెనక్కి మళ్లించే రేకుల వంపు మారుస్తూ చూస్తున్నాను. వచ్చే ఆదివారం తొట్టి దగ్గరికి వస్తానని బాబాయ్ కబురు పెట్టారు.