చెరువుకు పది అడుగుల దూరంలో

ఎల్లారెడ్డి దాటి మహమ్మద్‌నగర్ దారి పడితే ఎటు చూసినా వరి. నిజాంసాగర్ దగ్గరే. మంజీరా మీద 1931లో పూర్తయిన ప్రాజెక్టు అది. ఈ వైపు నీళ్లంటే అన్నం.

2025 ఆగస్టు 27న అవే నీళ్లు కామారెడ్డి జిల్లాను వణికించాయి. రోడ్లు తెగిపోయాయి. పోచారం ప్రాజెక్టు మీదుగా వరద పొంగిపోయింది. మా అక్క కూతురికి తొమ్మిదేళ్లు. ఆ రాత్రి వాళ్లింట్లోకి నీళ్లొస్తే పక్కింటి మేడ మీద కూర్చుంది.

నేను సద్దుల బతుకమ్మకు వెళ్లాను. సాయంత్రం నాలుగు చినుకులు పడ్డాయో లేదో, పిల్ల ఆట ఆపేసింది. భుజాలు బిగుసుకుపోయాయి, పిడికిళ్లు ముడుచుకుంది.

"మామా, నీళ్లు మల్ల ఇంట్లకొస్తయా?"

ఫోన్ తీసి వెదర్ యాప్ చూపించా. అసలు చూడనేలేదు. డేటాతో పోయే భయం కాదది.

భయం తలలోనే కాదు, ఒంట్లోనూ ఉంటుంది. గుండె దడ, పైపైనే ఆడే ఊపిరి, బిగిసిన కండరాలు. ప్రమాదం పోయినా కొందరు పిల్లల్లో ఆ అలారం ఆగదు. మాటల్లో చెప్పడం వాళ్లకి రాదు. అందుకే కొందరు థెరపిస్టులు ఒంటితోనే మొదలుపెడతారు. పాదాలు నేలకు ఆనించడం, ఊపిరి మెల్లగా వదలడం, చుట్టూ ఉన్న వస్తువుల్ని చూసి పేర్లు చెప్పడం, లయగా కదలడం. 2004 సునామీ తర్వాత తమిళనాడు పల్లెల్లో ఇలాంటి పద్ధతి వాడారు. 150 మందిని ఎనిమిది నెలల తర్వాత అడిగితే ఎక్కువమంది తేలికపడ్డామన్నారు. పోల్చి చూడటానికి థెరపీ తీసుకోని మరో గుంపు లేదు కాబట్టి, దాన్ని పూర్తి రుజువు అనుకోలేం.

చినుకులు ఆగాక మా అమ్మమ్మ పిల్ల చెయ్యి పట్టుకుని బతుకమ్మల చుట్టూ తిప్పింది. ఒంగడం, చప్పట్లు, అడుగు. మూడు చుట్లు తిరిగేసరికి భుజాలు దిగాయి. ఇది వైద్యం కాదు. కానీ వైద్యం ఒంటి నుంచి ఎందుకు మొదలవుతుందో నాకు అర్థమైంది.

అసలు పరీక్ష చెరువు దగ్గర. బతుకమ్మను నీళ్లలో వదలాలి కదా! పిల్ల పది అడుగుల దూరంలో ఆగిపోయింది. ఎవరో "ఏం గాదు, రా" అని లాగబోతే అమ్మమ్మ ఆపింది. "ఉండనియ్యి. దానికి ఎప్పుడు బుద్ధయితే అప్పుడే వస్తది."

థెరపిస్టులూ చెప్పేది అదే: కొంచెం కొంచెంగా, పిల్లల ఇష్టం మీదే.

మీ ఇంట్లో పిల్లలకు వారాలు గడిచినా నిద్ర పట్టకపోతే, ఉలిక్కిపడుతుంటే, "వాళ్లే మర్చిపోతారులే" అనుకోకండి. టెలీ మానస్ 14416కి కాల్ చేయండి. ఫ్రీ, తెలుగులోనే మాట్లాడొచ్చు.

తిరిగొస్తుంటే పిల్ల నా వేలు పట్టుకుని అంది: "వచ్చే ఏడు ఇంకింత దగ్గరికి పోత మామా."