ఆమె బొట్టు తీయలేదు

ఖాట్మండులో మేం దిగిన లాడ్జి పశుపతినాథుడి గుడికి దగ్గర్లోనే, గౌశాల చౌరస్తా వెనక సందులో ఉంది. 2024 శివరాత్రికి వెళ్లాం. అమ్మకు ఎన్నాళ్ల నుంచో ఉన్న కోరిక అది. నాన్న ఉండగా ఇద్దరూ కలిసి వెళ్లాలనుకున్నారు. ఆయన పోయాక అమ్మ ఆ మాటే ఎత్తలేదు. చివరికి నేనే సెలవు పెట్టి తీసుకెళ్లాను.

లాడ్జి వంటగదిలో పనిచేసే ఆమెకు నలభై అయిదు దాటి ఉంటాయి. తెల్లారేసరికి టీ కప్పులతో తలుపు తట్టేది. అప్పటికే స్నానం చేసి, పాపిట్లో నిండుగా సింధూరం పెట్టుకుని, చేతుల నిండా ఎర్ర గాజులతో కళకళలాడుతూ కనిపించేది. రెండో రోజు అమ్మ తనకొచ్చిన హిందీలో పలకరించింది.

‘‘మీ ఆయన ఏం చేస్తాడమ్మా?’’

ఆమె కప్పులు సర్దుతూ, తలెత్తకుండానే చెప్పింది.

‘‘తెలీదు ఆమా. తీసుకెళ్లి ఇరవై రెండేళ్లవుతోంది.’’

ఆమెది బర్దియా జిల్లా. నేపాల్‌కు పడమటి దిక్కున, మన ఉత్తరప్రదేశ్ సరిహద్దును ఆనుకుని ఉండే తరాయి ప్రాంతం. ఆమె థారూ తెగ మనిషి. భూస్వాముల పొలాల్లో తరతరాలుగా అప్పుల కింద వెట్టి చేసిన కుటుంబాలు వాళ్లలో ఎన్నో. కమయ్యా అనే ఆ వెట్టిచాకిరీని 2000 జులైలో ప్రభుత్వం రద్దు చేసింది. వెట్టి పోయింది గానీ చేతిలో సెంటు భూమి లేదు. ‘భూమి మీదే’ అన్న మావోయిస్టుల మాట అలాంటి గుడిసెల్లోకి సులువుగా వెళ్లింది. 2001 నవంబరులో అత్యవసర పరిస్థితి విధించి సైన్యాన్ని దించాక, ఆ గుడిసెలన్నీ అనుమానితుల ఇళ్లయ్యాయి. దేశం మొత్తంలో ఎక్కువ మంది మాయమైంది బర్దియాలోనే. రెండు వందలకు పైగా మనుషులు. వాళ్లలో ఎక్కువ మందిని తీసుకెళ్లింది భద్రతా దళాలు. కొందరిని మావోయిస్టులు తీసుకెళ్లారు.

2002 వానాకాలంలో ఒక రాత్రి సైనికులు ఆమె ఇంటి తలుపు కొట్టారు. ‘ఏవో అడగాలి, పొద్దున పంపిస్తాం’ అన్నారట. కొడుక్కి అప్పుడు ఏడాది. అతను చెప్పులు వేసుకుంటుంటే, ‘దగ్గరికే కదా, చెప్పులెందుకు’ అన్నారట. ఆ చెప్పులు చాలాకాలం గడప పక్కనే ఉన్నాయని చెప్పింది.

పగలు సైన్యం, రాత్రి మావోయిస్టులు. ఎవరికి అన్నం పెట్టినా రెండోవాళ్లకు కోపం. ఆ మాట వినగానే అమ్మ నా వైపు చూసింది. మా అమ్మమ్మగారి ఊరు కరీంనగర్ వైపు. పగలు పోలీసులు, రాత్రి అన్నలు వచ్చి వెళ్లిన ఊళ్ల కథలు మా ఇంట్లో కొత్త కాదు.

1996 ఫిబ్రవరి 13న మొదలైన నేపాల్ అంతర్యుద్ధం, 2006 నవంబరు 21న కుదిరిన శాంతి ఒప్పందంతో ముగిసింది. పదేళ్లలో 17 వేల మంది వరకూ చనిపోయారని అంచనా. ఇంకా 1,300 మందికి పైగా ఆచూకీ తెలియదని రెడ్‌క్రాస్ లెక్క. చనిపోయినవాళ్ల సంగతి ఒక రకం. తెలియనివాళ్ల భార్యల సంగతి వేరు. వాళ్లు ముత్తైదువులా, కాదా? ఎవరు చెప్పాలి?

‘‘సింధూరం పెట్టుకుంటే ఊళ్లో గుసగుసలు. ఎవరి కోసం ఈ సోకు అని. తీసేస్తే అత్తగారి ఏడుపు. నా కొడుకును నువ్వే చంపేశావా అని. ఆఫీసులో అయితే, చనిపోయాడని రాసివ్వు, వితంతు పింఛను వస్తుందన్నారు. ఎలా రాసివ్వను? రేపొచ్చి తలుపు కొడితే?’’ అంది. తర్వాత విడతలవారీగా పరిహారం వచ్చింది. ఆ డబ్బు తీసుకున్న రోజు ఇంట్లో ఎవరూ అన్నం తినలేదట.

నాన్న పోయాక పదో రోజు పెద్దవాళ్లు అమ్మ బొట్టు చెరిపారు. గాజులు తీశారు. అదెంత దారుణమైన ఆచారమో అని ఇప్పటికీ నేను మండిపడుతుంటాను. ఆ రాత్రి లాడ్జి గదిలో లైటు తీసేశాక అమ్మ నెమ్మదిగా అంది. ‘‘మనకు దినమన్నా అయ్యింది బిడ్డా. ఏడిస్తే ఓ రోజు ఆగినం. ఆమెకు దినం కూడా కాలేదు.’’ నా దగ్గర జవాబు లేదు.

మర్నాడు నారాయణహితి రాజప్రాసాదం చూడ్డానికి వెళ్లాం. 2008 మే 28న రాజ్యాంగ సభ తొలి సమావేశంలోనే 240 ఏళ్ల షా వంశ రాచరికాన్ని రద్దు చేశారు. 2009లో ఆ కోట మ్యూజియంగా మారింది. ఒకప్పుడు రాజును విష్ణువు అవతారంగా కొలిచిన జనం, ఇప్పుడు టికెట్ కొని ఆయన పడకగదిని తొంగి చూస్తున్నారు. 2001 జూన్ 1న రాజు బీరేంద్ర కుటుంబం హత్యకు గురైన భవనాన్ని అప్పట్లోనే కూలగొట్టారు. 

తిరిగొచ్చాక ఆమెనడిగాను, ఎప్పుడైనా వెళ్లావా అని. నవ్వింది. ‘‘రాజు పోయాడని తెలుసు కదా బహినీ. టికెట్ దండగ’’ అంది.

మరి ఇంత జరిగి ఏం మారినట్టు? ఈ ప్రశ్నకు ఆమె రాజు గురించి గానీ, ప్రధాని గురించి గానీ చెప్పలేదు. వాళ్లూళ్లో చేతిపంపు గురించి చెప్పింది. ఆ పంపును ఒక దళిత మహిళ ముట్టుకుంటే కడిగించేవారట. 2017లో స్థానిక ఎన్నికలు జరిగాయి. ఇరవై ఏళ్ల తర్వాత జరిగిన ఎన్నికలవి. ప్రతి వార్డు కమిటీలో ఇద్దరు మహిళలు ఉండాలి, అందులో ఒకరు దళిత మహిళ కావాలి అని చట్టం పెట్టారు. దేశం మొత్తమ్మీద 6,500 మందికి పైగా దళిత మహిళలు గెలిచారు. ఆ పంపు దగ్గర అవమానపడ్డ ఆమె కూడా గెలిచింది. ‘‘ఇప్పుడు పంపు పాడైతే బాగుచేయించమని ఆమె ఇంటికే వెళ్లాలి’’ అంటూ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ ఇంట్లో టీ తాగుతారా అని అడిగాను. ‘‘నేను తాగుతా. మా అత్త తాగదు.’’

మార్పు అంటే అంతే కాబోలు. కోడలు దాకా వచ్చింది. అత్త దాకా రాలేదు.

2008లో ఎన్నికైన రాజ్యాంగ సభలో దాదాపు మూడోవంతు మహిళలే. 2015 సెప్టెంబరులో వచ్చిన రాజ్యాంగం పార్లమెంటులోనూ ఆ వాటా ఉండాలంది. అదే ఏడాది ఒక మహిళ రాష్ట్రపతి, మరో మహిళ స్పీకర్ అయ్యారు. మన దగ్గర అలాంటి చట్టం 2023లో గానీ రాలేదు. ఇంకోవైపు తరాయిలో మధేశీలు, థారూలు ఆ రాజ్యాంగం తమకు అన్యాయం చేసిందని రోడ్డెక్కారు. ప్రాణాలు పోయాయి. అడవుల్లో తుపాకీ పట్టిన ప్రచండ మూడుసార్లు ప్రధాని అయ్యారు. మేం వెళ్లినప్పుడూ ఆయనే. 2008 తర్వాత డజనుకు పైగా ప్రభుత్వాలు మారాయి. ఎప్పుడు చూసినా కుర్చీల్లో ఆ నలుగురే.

మాయమైనవాళ్ల కోసం కమిషన్ వేసింది 2015లో. ఆమె 2016లో జిల్లా శాంతి కమిటీ ఆఫీసులో వరుసలో నిలబడి ఫిర్యాదు ఇచ్చింది. ఆ తర్వాత గడువులు పొడిగించారు. 2022 నుంచి దాదాపు మూడేళ్లు కమిషనర్లే లేరు. 2025 మేలో గానీ కొత్తవాళ్లను వేయలేదు. యుద్ధం చేసిన రెండు వర్గాలూ ప్రభుత్వంలో పక్కపక్కనే కూర్చున్నాయి. తవ్వితే ఎవరి కిందికి నీళ్లొస్తాయో ఇద్దరికీ తెలుసు.

అలాగని చర్చలే వద్దంటానా? అనలేను. 2004 అక్టోబరులో హైదరాబాద్‌లో ప్రభుత్వానికీ నక్సలైట్లకూ చర్చలు జరిగినప్పుడు నేను బడి పిల్లని. అన్నలు టీవీలో కనిపిస్తుంటే అమ్మమ్మ ఊళ్లో జనం గుమిగూడి చూశారు. ఇక అంతా బాగుంటుందని పెద్దవాళ్లు అనుకోవడం గుర్తుంది. 2005 జనవరికల్లా చర్చలు చెదిరిపోయాయి. మళ్లీ కాల్పులు, మళ్లీ శవాలు. నేపాల్‌లో కనీసం తుపాకులు ఆగాయి. ఆమె కొడుకు యుద్ధంలోకి వెళ్లాల్సిన అవసరం రాకుండా పెద్దవాడయ్యాడు.

కానీ ఊళ్లో ఉండలేదు. మలేషియాలో ఫ్యాక్టరీ పనికి వెళ్లాడు. నేపాల్ ఆదాయంలో పాతిక శాతం దాకా ఇలా బయటికి వెళ్లినవాళ్లు పంపే సొమ్మే. రాత్రి ఎనిమిదింటికి వాట్సాప్‌లో ఫోన్ వస్తుందని, ఆ వేళకు ఆమె వంటగది వదిలి డాబా మీదికి పరుగెత్తేది.

2025 సెప్టెంబరు 4న ప్రభుత్వం 26 సామాజిక మాధ్యమాలను ఆపేసింది. వాట్సాప్ కూడా. నాయకుల పిల్లల విలాసాలు చూసి అప్పటికే రగిలిపోతున్న కుర్రకారు 8న రోడ్డెక్కారు. ఆ ఒక్కరోజే 19 మంది చనిపోయారు. మర్నాడు పార్లమెంటు, సింహదర్బార్, సుప్రీంకోర్టు మంటల్లో ఉన్నాయి. ప్రధాని ఓలి రాజీనామా చేశారు. మొత్తం మృతులు 70 దాటారు. 12న మాజీ ప్రధాన న్యాయమూర్తి సుశీలా కర్కి తాత్కాలిక ప్రధాని అయ్యారు. ఆ దేశానికి తొలి మహిళా ప్రధాని.

టీవీలో మంటలు చూసి అమ్మ కంగారు పడింది. ‘‘ఆమెకు ఫోన్ చెయ్యి’’ అని ఒకటే పోరు. మూడో ప్రయత్నానికి దొరికింది. కొడుకు బాగున్నాడా అన్నాను. బాగున్నాడు, ఫోన్లు మళ్లీ కలుస్తున్నాయంది. భయంగా ఉందా అన్నాను. ఆ మాటకు జవాబు చెప్పలేదు.

‘‘బహినీ, నువ్వు పేపర్లో పనిచేస్తావు కదా. కోర్టులో ఫైళ్లు కాలిపోయాయంటున్నారు. నా కాగితం ఉన్న ఆఫీసు కూడా కాలిందా?’’

తెలుసుకుని చెబుతానన్నాను. అంతలోనే ఆమే అందుకుంది.

‘‘పర్లేదులే. నా దగ్గర జిరాక్సు ఉంది. ప్లాస్టిక్ కవర్లో పెట్టాను. ఎవరొచ్చినా మళ్లీ ఇస్తా.’’

ఫోన్ పెట్టేశాక అమ్మ నన్ను ఒక్కటే అడిగింది.

‘‘ఇంకా పెట్టుకుంటోందా బొట్టు?’’

అడగలేదన్నాను. అడగాల్సిన అవసరం కనిపించలేదు.