ఏటి చివరి ఊరు

కళింగపట్నం పేరు నేను మొదట విన్నది రేడియోలో. మాది సీతంపేట ఏజెన్సీలో కొండ మీద సవర గూడ. వానాకాలం చివర్లో మా అయ్య రేడియో చెవి దగ్గర పెట్టుకుని కూర్చునేవాడు. కళింగపట్నం, భీమునిపట్నం రేవుల్లో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారని వార్తల్లో చెప్పగానే లేచి, ఇంటి కప్పు మీద అడ్డకర్రలు వేసి తాళ్ళతో బిగించేవాడు. మాకు ఆ ఊరంటే గాలి పుట్టేచోటు. అక్కడ మనుషులుంటారని, వాళ్ళకీ పిల్లలుంటారని, వాళ్ళూ ఆ రాత్రి తాళ్ళు బిగించుకుంటూ ఉంటారని చిన్నప్పుడు నాకు తోచలేదు.

ఆ ఊరిని మొదట చూసింది ఎనిమిదో తరగతిలో. హాస్టలు నుంచి బస్సులో తీసుకెళ్ళారు. మిట్టమధ్యాహ్నం దింపారు. ఇసుక కాలిపోతోంది. వరసగా నిలబెట్టి ఫొటో తీశారు. నీళ్ళ దగ్గరికి వెళ్ళొద్దన్నారు. మేం సముద్రాన్ని చూసిన సంతోషంలో మా మాటలో మేం అరుచుకుంటుంటే, పక్కనున్న పట్నం పిల్లలు మా అరుపుల్ని వెక్కిరిస్తూ అరిచారు. మాతో వచ్చినాయన వాళ్ళని ఏమీ అనలేదు. మమ్మల్ని మాత్రం "ఇక్కడ మీ భాష మాట్లాడకండి, పరువు తీయకండి" అన్నారు. బస్సెక్కే వరకు ఎవరం నోరు విప్పలేదు. నా జేబులో ఒక గవ్వ మిగిలింది.

నేను టీచరునయ్యాక పిల్లల్ని సముద్రానికి తీసుకెళ్ళాలన్న ఆలోచన వచ్చినప్పుడల్లా ఆ మధ్యాహ్నమే గుర్తొచ్చి వాయిదా వేస్తూ వచ్చాను. 2022లో జిల్లాలు విడిపోయి మేం పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళాం. సముద్రం శ్రీకాకుళం జిల్లాలో ఉండిపోయింది. "మేస్టారూ, ఇప్పుడు మనకి సముద్రం లేదా?" అని ఒక పిల్ల అడిగింది. ఆ జనవరిలో బయలుదేరాం. ముప్ఫై ఒక్కమంది పిల్లలు, నేను, మా బడిలో పనిచేసే టీచరమ్మ. ఆడపిల్లల్ని తీసుకెళ్ళేటప్పుడు టీచరమ్మ లేకుండా వెళ్ళకండి. ఒడ్డున మరుగుదొడ్డి ఎక్కడుందో ముందు రోజే ఎవరినైనా పంపి కనుక్కోండి. పుస్తకాల్లో రాయరు గానీ యాత్ర బాగుపడేదీ చెడేదీ అక్కడే.

తల్లిదండ్రులు భయపడ్డారు. గెడ్డలో ఈదే పిల్లలైనా అంత నీళ్ళు వాళ్ళెప్పుడూ చూడలేదు. ఒక పిల్ల నాయనమ్మ మాత్రం ఏమీ భయపడకుండా వంద రూపాయలు తెచ్చి ఇచ్చి, ఎండుచేపలు తెమ్మంది. సంతలో అమ్మేవి పాతవట, వాసన పోయినవట.

సముద్రానికి నేరుగా వెళ్ళలేదు. కళింగపట్నానికి కొద్ది కిలోమీటర్ల ముందే, వంశధార గట్టు మీద శాలిహుండం కొండ ఉంది. పొద్దున్నే అక్కడ దిగాం. పైకి మెట్లున్నాయి. పైన గుండ్రని ఇటుక స్తూపాలు, చైత్యాల పునాదులు, కింద చిన్న మ్యూజియం, అందులో తార, మారీచి విగ్రహాలు. బౌద్ధ భిక్షువులు ఇక్కడ వందల ఏళ్ళు ఉన్నారు. నేను పిల్లలకి దీని గురించి ఎక్కువ చెప్పలేదు. ఒక్క మాట మాత్రం చెప్పాను: ఈ శిథిలాలని 1919లో వెలుగులోకి తెచ్చింది గిడుగు రామమూర్తి గారు.

"తెలుగు రోజు ఫొటోలో తాతా?"

ఆయనే. ఆగస్టు 29న మన బడుల్లో దండ వేసే ఫొటో. ఆ రోజు ఆయన్ని వాడుక తెలుగు కోసం పోరాడిన మనిషిగానే చెప్తాం. ఆయన ఈ వంశధార ఒడ్డునే, శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టారు. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ మన భాష నేర్చుకున్నారు, మన పిల్లలకి బడులు పెట్టించారు, 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు అచ్చయ్యాయి. సవర మాటలు ఆయనకి ఎవరు చెప్పారు? మన ముత్తాతలే కదా. ఆ పంతులుకి పాఠం చెప్పిన పంతుళ్ళు వాళ్ళు. ఇది చెప్పినప్పుడు పిల్లలు కొంచెం ఆశ్చర్యపోయారు గానీ, పెద్దగా కదిలినట్టు కనపడలేదు. వాళ్ళ చూపంతా కింద మెరుస్తున్న నీటి మీదే ఉంది.

కొండ మీది నుంచి వంశధార వెడల్పుగా, నెమ్మదిగా, ఇసుక తిన్నెల మధ్య పోతూ కనిపిస్తుంది. మా గూడ పక్కనుంచి దిగే గెడ్డ హిరమండలం వైపు వెళ్ళి ఇందులోనే కలుస్తుంది. అది చెప్పగానే ఒకడు "అయితే నేను నిన్న ఉమ్మేసిన నీళ్ళు ఇక్కడికి వస్తాయా?" అన్నాడు. వస్తాయన్నాను. మన గెడ్డే కాదు, ఈ ఏరు ఒడిశాలో నియమగిరి కొండల వైపు నుంచి వస్తుంది. అక్కడ డోంగ్రియా కోందులు తమ కొండని బాక్సైట్ కోసం తవ్వొద్దన్నారు. సుప్రీంకోర్టు గ్రామసభల్నే అడగమంటే, 2013లో పన్నెండు గ్రామసభలూ వద్దనే చెప్పాయి. కొండలో ఒక ఊరు వద్దన్న మాటకీ ఇక్కడ పారే నీటికీ సంబంధం ఉందని చెప్పడానికి ఈ కొండ కంటే మంచి తరగతి గది నాకు దొరకలేదు.

అక్కడి నుంచి కళింగపట్నం. లైట్‌హౌసు దూరం నుంచే కనపడింది. ఒకప్పుడు ఇక్కడ ఓడలు ఆగేవి. ఇప్పుడు రేవు లేదు, పేరులో పట్నం మిగిలింది. తుఫాను వార్తల్లో మాత్రం ఇంకా పెద్ద ఊరే. 2021 సెప్టెంబరులో గులాబ్ తుఫాను దీని పక్కనే తీరం దాటింది. దర్గా ముందు నుంచి నడిచి ఒడ్డుకి చేరాం. పిల్లలు ఇసుకలోకి వచ్చాక కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత అందరూ ఒకేసారి, తెలుగులో, గొంతు తగ్గించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. నేనేమీ చెప్పకుండానే. అది నాకు గుచ్చుకుంది. మా తరానికి ఒకరు చెప్తే గానీ నోరు మూసుకోలేదు. వీళ్ళు ముందే నేర్చుకుని వచ్చారు.

ఒడ్డున అలివి వల లాగుతున్నారు. చూడవలసిందల్లా అదే అంటాను నేను. పడవలో వల తీసుకెళ్ళి సముద్రంలో అర్ధచంద్రంలా వేసి వస్తారు. రెండు కొసల తాళ్ళూ ఒడ్డుకి చేరుస్తారు. రెండు వరసల్లో మనుషులు మడమలు ఇసుకలో పాతి, వెనక్కి వాలి, అడుగడుగుగా లాగుతారు. గంటలు పడుతుంది. ఊరికే నిలబడి చూస్తే తీర్థంలో జనంలా ఉంటామని, పెద్దాయన ఒకాయన దగ్గరికి వెళ్ళి, "తాతా, మా పిల్లలు కూడా చెయ్యి వెయ్యొచ్చా?" అని అడిగాను. "ఎక్కడోళ్ళు మేస్టారూ?" "సీతంపేట కొండోళ్ళం." ఆయన పిల్లల కాళ్ళవైపు చూసి నవ్వాడు. "కొండెక్కే కాళ్ళు కదా, బాగా లాగుతారు. రండర్రా."

ఆ తాడు పట్టుకున్న అరగంటలో పిల్లల గొంతులు మారిపోయాయి. తాళ్ళ లయకి తగ్గట్టు వాళ్ళు కేకలేస్తుంటే మావాళ్ళు అందుకున్నారు. వల సంచి ఒడ్డుకొచ్చేసరికి తెల్లగా మెరుస్తూ కవళ్ళు, నెత్తళ్ళు, కొన్ని కానాగంతలు, పీతలు. మాకు సంతలో ఎండిపోయి, తలలు విరిగి కనపడే చేపలు ఇక్కడ ఎగిరిపడుతున్నాయి. "ఇవి నెత్తళ్ళా!" అని ఒకమ్మాయి నమ్మలేనట్టు అంది. లాగినందుకు వాటా అని తాత మా పిల్లలకీ ఒక బుట్టెడు ఇచ్చాడు. వద్దంటే ఒప్పుకోలేదు. చెయ్యి వేసినవాడికి వాటా వెయ్యకపోతే వల అలుగుతుందట. మా గూడలో వేటాడిన మాంసం పంచే పద్ధతి నాకు గుర్తొచ్చింది.

వల లాగినవాళ్ళలో ఎక్కువమంది ముసలివాళ్ళు, ఆడవాళ్ళు. కుర్రాళ్ళేరని అడిగితే, గుజరాత్‌లో వెరావల్ వెళ్ళారని చెప్పారు. బోట్ల మీద నెలల తరబడి కూలి. 2018లో అలా వెళ్ళిన ఉత్తరాంధ్ర జాలర్లే సరిహద్దు దాటారని పాకిస్తాన్ వాళ్ళకి పట్టుబడ్డారు, 2020 జనవరిలో గానీ తిరిగి రాలేదు. మా గూడ కుర్రాళ్ళు చెన్నైలో, హైదరాబాదులో కట్టడం పనుల్లో ఉన్నారని నేను చెప్పాను. తాత తల ఊపాడు. ఇద్దరం కాసేపు సముద్రం వైపు చూశాం.

అప్పుడే జరిగింది. అన్నం తినేముందు లెక్కపెడితే ముప్ఫై మందే ఉన్నారు. ఉత్తరం వైపు, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర, మా గూడలో అందరికంటే బాగా ఈదే కుర్రాడు మోకాటి లోతులో నిలబడి ఉన్నాడు. అక్కడ నీళ్ళు నున్నగా, కెరటం లేకుండా, మా గెడ్డలాగే ఉన్నాయి. వాడికి అదే నచ్చింది. నేను పరుగెత్తేలోపు నడుం దాకా దిగాడు, ఇంకో అడుగుకి కనపడలేదు. వల ఆరేస్తున్న ఒకతను నాకంటే ముందు దూకాడు. నీళ్ళకి అడ్డంగా ఈది, చాలా కిందగా ఒడ్డెక్కించాడు. వాడు బతికాడు. నా కాళ్ళు మాత్రం సాయంత్రం దాకా వణుకుతూనే ఉన్నాయి.

ఆయన నన్ను తిట్టాడు, తిట్టాల్సిందే. తర్వాత పిల్లలందర్నీ కూర్చోబెట్టి చెప్పాడు: పోటు వచ్చేటప్పుడు సముద్రం ఏట్లోకి వస్తుంది, ఆటు తీసేటప్పుడు ఏరూ సముద్రమూ కలిసి లోపలికి లాగుతాయి. మొగ దగ్గర అడుగు ఇసుక రోజూ మారుతుంది, నిన్న మోకాలు లోతున్న చోట ఇవాళ మనిషి మునుగుతాడు. కెరటం లేని నున్నటి నీళ్ళే నమ్మకూడనివి. లాగేస్తే ఎదురు ఈదకూడదు, పక్కకి ఈదాలి. గెడ్డలో నేర్చిన ఈత మీద ధైర్యం ఉన్న పిల్లలే మనకి ఎక్కువ, కాబట్టి తోటి టీచర్లు ఈ మాటలు బస్సులోనే చెప్పండి. నేను చెప్పలేదు.

మిగతావి త్వరగా అయిపోయాయి. లైట్‌హౌసు నీడలో అన్నాలు తిన్నాం. ఒడ్డు వెంట నడుస్తుంటే చచ్చిన ఆలివ్ రిడ్లే తాబేలు ఒకటి కనపడింది. ఈ నెలల్లో అవి గుడ్లు పెట్టడానికి ఈ తీరానికి వస్తాయి, మర పడవల వలల్లో చిక్కి ఊపిరాడక కొన్ని చస్తాయి. కొద్ది దూరంలో శ్రీకూర్మంలో తాబేలుకి గుడి ఉంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా చేపల వేట నిషేధం, ఆ రోజుల్లో వెళ్తే వలల సందడి కనపడదు.

చివరిగా నాయనమ్మ ఎండుచేపలు. ఇసుకలో చేపలు ఆరబెట్టుకున్న ఒకామె దగ్గరికి ఆ మనవరాలే వెళ్ళింది. బడిలో ఎప్పుడూ తల దించుకునే పిల్ల. మా వూళ్ళ పేర్లు వినగానే ఆమె, "మీ సంతలకి ఇరవై ఏళ్ళు బుట్ట మోసానే" అంది. అని, సావడాల కట్టలు ఒక్కొక్కటే తీసి పిల్ల సంచిలో వేస్తూ లెక్కపెట్టింది: "అబొయ్, బాగు, యాగి, ఉంజి..."

పిల్ల కళ్ళు పెద్దవయ్యాయి. సముద్రం ఒడ్డున, మన మనిషి కాని మనిషి, అందరూ వినేలా మన లెక్క లెక్కపెడుతోంది. సంతలో మీవాళ్ళతో బేరం ఆడాలంటే నేర్చుకోక తప్పుతుందా అంది ఆమె. ఉచ్చారణ తప్పు. పిల్ల ఆగలేక సవరలో సరిదిద్దింది. ఆమె మళ్ళీ అంది, పిల్ల మళ్ళీ సరిదిద్దింది. చుట్టూ పిల్లలు చేరారు. నవ్వారు, కానీ అది వేరే నవ్వు. వంద రూపాయలకి ఇంకెన్ని కట్టలు రావాలన్న బేరం మొత్తం సవరలోనే గట్టిగా జరిగింది. ఆమెకి సగం అర్థమైంది, సగం చేతులతో సరిపెట్టుకుంది. ఎవరి బస్సులోంచి దిగారో కొందరు ఆగి చూశారు. మావాళ్ళెవరూ గొంతు తగ్గించలేదు.

రాత్రి గూడ చేరేసరికి తొమ్మిది దాటింది. నాయనమ్మ సంచి విప్పి, వాసన చూసి, కట్టలు లెక్కపెట్టి, వందకి ఇంకో రెండు కట్టలు రావాలి, బేరం చేతకాలేదని మనవరాల్ని తిట్టింది. అప్పటికే పొయ్యి మీద చింతపండు పులుసు మరుగుతోంది.