91 దగ్గర చిక్కు

మా బాగేపల్లి పక్క పిల్లలకి ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ. పరగోడు చుట్టుపక్కల పల్లెల నుంచి మా సర్కారు హైస్కూలుకి వచ్చేవాళ్లలో చాలామంది అంతే. నేనూ అలా చదివినవాణ్ణే. కన్నడ మీడియంలో లెక్కలు చెప్తాను. పాఠం నడిచినంత సేపూ కన్నడమే, చిక్కుపడిందా, నోట్లోకి తెలుగు వచ్చేస్తుంది, నాకూ వాళ్లకీ. ఆ చిక్కు తప్పకుండా పడే పాఠం ప్రధాన సంఖ్యలు. కన్నడ పుస్తకంలో అవిభాజ్య సంఖ్యలు అని ఉంటుంది.

నిర్వచనం అడిగితే ఎవరైనా గడగడా అప్పజెప్తారు. ఒకటితోనూ తనతోనూ తప్ప ఇంక దేనితోనూ శేషం లేకుండా భాగించలేనిది ప్రధాన సంఖ్య, అంతకంటే ఎక్కువ భాజకాలుంటే సంయుక్త సంఖ్య. సరే అని బోర్డు మీద 9 రాసి ఇదేమిటంటే, సగం క్లాసు ప్రధానమే అంటుంది. 15 రాసినా అదే మాట. 2 రాస్తే మాత్రం కాదంటారు, సరి సంఖ్య కదా అని. బేసిగా ఉంటే చాలు, ప్రధానమని తీర్మానం. నా అభిప్రాయంలో ఇది పిల్లల తప్పు కాదు. చేత్తో ఏదీ పేర్చి చూడకముందే నిర్వచనం నోటికి వచ్చేస్తే ఇలాగే అవుతుంది.

అందుకే టమాటా నారు ట్రే తెప్పిస్తాను. చింతామణి, బాగేపల్లి వైపు నర్సరీలు కొల్లలు. నల్ల ప్లాస్టిక్ ప్రోట్రే లేని తోట మా దగ్గర అరుదు. ఎక్కువగా వాడేది 98 గుంతలది. ఎన్ని వరుసలో లెక్కపెట్టమంటే, ఒకవైపు 7, ఒకవైపు 14. మరి 97 గుంతలతో ట్రే చేయించుకొస్తారా అని అడుగుతాను. రఫ్ పుస్తకాల్లో గీస్తారు, చెరుపుతారు. 2 వరుసలు కుదరదు, ఒకటి మిగులుతుంది. 3 కుదరదు. 7 కుదరదు, ఆరు మిగులుతాయి. చివరికి మిగిలేది ఒకే ఒక్క వరుస. "పాము మాదిరి ఉంటుంది సార్" అంటారు. ఆ పాము పొడవు కూడా లెక్క కట్టిస్తాను. 14 గుంతలకి అర మీటరు పైచిలుకు, 54 సెంటీమీటర్లు. ఆ లెక్కన 97 గుంతలకి మూడున్నర మీటర్లు దాటుతుంది. టెంపోలో అడ్డంగా పట్టదు. ఇక 96 తీసుకుంటే ఎన్ని రకాల ట్రేలైనా చేయొచ్చు: 2×48, 3×32, 4×24, 6×16, 8×12. 97 పక్కనే ఉన్నా దానికి ఆ భాగ్యం లేదు. వరుసలుగా పేర్చగలిగితే సంయుక్తం, ఒక్క గీతగా తప్ప నిలబడకపోతే ప్రధానం. ఇంతవరకు వస్తే 9 గురించి నేను మళ్లీ చెప్పే పని ఉండదు.

ప్రధాన సంఖ్యలంటేనే గొప్ప అన్నట్టు మాట్లాడతారు గానీ, బతుక్కి పనికొచ్చేవి ఎక్కువ భాజకాలున్నవే. పాత రూపాయికి 16 అణాలు, అణాకి 12 పైలు, మొత్తం 192 పైలు. ముగ్గురు అన్నదమ్ములు పంచుకుంటే తలా 64, పేచీ లేదు. 1957 ఏప్రిల్ 1న రూపాయికి వంద నయాపైసలయ్యాయి. అప్పటినుంచి ముగ్గురు పంచుకుంటే ఒక పైస మిగులుతుంది. తనకంటే చిన్నవాటన్నిటికన్నా ఎక్కువ భాజకాలున్న సంఖ్యల మీద రామానుజన్ 1915లో పెద్ద వ్యాసమే రాశాడు. 12, 24, 36, 48, 60, 120 ఆ వరుసలోవే. డజను, గంట, రోజు అన్నీ అందులోనే ఉన్నాయని పిల్లలే కనిపెడతారు.

తర్వాత జల్లెడ. వంద వరకు గళ్లు గీసి, 2, 3, 5లను మాత్రం ఉంచి, రెండు మగ్గి, మూడు మగ్గి, ఐదు మగ్గి కొట్టేయమంటాను. మా వైపు ఎక్కాలని ఎవరూ అనరు, మగ్గి అనే అంటారు. ఈ మూడూ కొట్టేశాక మిగిలినవాటిలో 1 పక్కన పెడితే, ప్రధానాలు కానివి మూడే మూడు: 49, 77, 91. 49 ఏడు మగ్గిలో ఎప్పటినుంచో తెలిసిందే, 77 రెండు ఏడులు చూడగానే దొరికిపోతుంది. తప్పించుకునేది 91 ఒక్కటే. అంకెల మొత్తం 10, కాబట్టి మూడుతో పోదు. చివర 5 లేదు, సున్నా లేదు. ఏడు మగ్గి పదింతలతో, అంటే 70తో, ఆగిపోతుంది. 7×13 దాకా ఎవరూ వెళ్లరు. పరీక్షల్లో 91ని ప్రధానమని రాసినవాళ్లని నేను కోప్పడను. ప్రధాన సంఖ్య ఒకటి ఉదాహరణకి చెప్పమంటే గ్రోతెండీక్ అంతటి గణితవేత్త 57 అన్నాడని ఒక కథ చెప్పుకుంటారు. 57 అంటే మూడు పందొమ్మిదులు.

ఏడు దాకా కొట్టేసి ఆగిపొమ్మంటే కొందరు నమ్మరు. పదకొండు చూడొద్దా, పదమూడు చూడొద్దా అంటారు. మళ్లీ ట్రేనే ఆదుకుంటుంది. 7×14 ట్రేని పక్కకి తిప్పితే 14×7, కొత్త ట్రే కాదు. వెడల్పు పెరిగే కొద్దీ పొడవు తగ్గుతుంది. రెండూ సమానమయ్యే చోటు దాటితే వచ్చేవన్నీ తిప్పిన పాత ట్రేలే. వంద లోపు సంఖ్యకి ఆ చోటు పదికి ముందే వస్తుంది, కాబట్టి 2, 3, 5, 7 చూస్తే చాలు. వర్గమూలం అనే మాట ఇది అర్థమయ్యాకే బోర్డు మీద రాస్తాను. కొట్టివేతలన్నీ అయ్యాక మిగిలే ప్రధానాలు 25.

కష్టమైన ప్రశ్న 1 గురించి. "ఒకటేం తప్పు జేసింది సార్? అది కూడా ఒకటితోనూ తనతోనూ పోతుంది గదా." ఈ ప్రశ్నని నిర్వచనంతో నోరు మూయించడం నాకిష్టం లేదు. నేను చదివిన బాగేపల్లి నేషనల్ కాలేజీ స్థాపించింది హెచ్. నరసింహయ్యగారు. గౌరిబిదనూరు తాలూకా హొసూరులో పుట్టిన భౌతిక శాస్త్రవేత్త, మాలాగే ఇంట్లో తెలుగు మాట్లాడినవారు. ప్రశ్నించకుండా దేన్నీ ఒప్పుకోవద్దన్నది ఆయన జీవితకాలం నడిపిన పోరు. కాబట్టి కారణం చూపించాలి. 12ని ప్రధానాలుగా విడగొడితే 2×2×3. ఎటునుంచి మొదలుపెట్టినా అదే వస్తుంది, పదో తరగతిలో దాన్నే మూల సిద్ధాంతమంటాం. 1ని కూడా ఆ గుంపులో చేర్చుకుంటే 1×2×2×3, 1×1×2×2×3 అని ఎన్నైనా రాసుకోవచ్చు, ఒక్కటే జవాబు అన్న మాట పోతుంది. 1ని పక్కన పెట్టింది అందుకు. అదీ అందరూ ఎప్పుడో ఒప్పేసుకున్నదేం కాదు. 1914లో లెహ్మర్ అచ్చువేసిన, కోటి దాటేదాకా సాగే ప్రధానాల పట్టిక 1తోనే మొదలవుతుంది.

జల్లెడ పట్టిన గళ్లు చూసి ప్రతి బ్యాచిలోనూ ఎవరో ఒకరు రెండే తేడా ఉన్న జంటల్ని పట్టుకుంటారు: 11–13, 17–19, 29–31, 41–43, 59–61, 71–73. వంద తర్వాత కూడా ఉంటాయా అంటే ఉంటాయి, 101–103 ఉందిగా. ఎక్కడో ఒకచోట అయిపోతాయా? ఇంతవరకు ఎవరూ తేల్చలేదు. 2013లో యీటాంగ్ జాంగ్ అనే ఆయన, అప్పటిదాకా పెద్దగా పేరు లేని అధ్యాపకుడు, ఒక మెట్టు ఎక్కాడు. ఏడు కోట్లకి మించని ఎడంలో ఉండే ప్రధానాల జతలు అంతులేకుండా వస్తూనే ఉంటాయని నిరూపించాడు. ఏడు కోట్లనగానే నవ్వుతారు, మనకి కావలసింది రెండు గదా అని. సంవత్సరం తిరిగేసరికి మిగతావాళ్లు కలిసి దాన్ని 246కి దించారని చెప్తే నవ్వు ఆగుతుంది. "మరి అక్కణ్ణుంచి?" అని అడుగుతారు. అక్కడే ఉంది, 246 దగ్గరే.