నార్సెట్ చదువులో మన గూడెం

ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ పోస్టుల కోసం రాసే నార్సెట్‌కి మేం నలుగురం ఒకే గదిలో ఉండి చదువుతున్నాం. ప్రిలిమ్స్‌లో 100 ప్రశ్నలు, 90 నిమిషాలు. ఒక్కో తప్పు జవాబుకి మూడో వంతు మార్కు పోతుంది. "ఎస్టీలకి 40 శాతం చాలు కదా" అంటారు చాలామంది. అది గేటు దాటడానికే. ఉద్యోగం మాత్రం ర్యాంకు వస్తేనే.

లావుపాటి ఇంగ్లీషు పుస్తకాలు చూస్తే మొదట్లో భయమేసేది. అందుకే ప్రతి పాఠంలోకీ మన గూడెం మనిషిని తెచ్చుకుంటున్నాం. సికిల్ సెల్ పాఠం తీస్తే, ఒళ్ళు నొప్పులతో మెలికలు తిరిగే పిల్లాడు కళ్ళముందుకొస్తాడు. కొడవలిలా వంగిన ఎర్రకణాలు సన్నని రక్తనాళాల్లో అడ్డుపడితే వచ్చే నొప్పి అది. కాబట్టి నీళ్ళు బాగా పట్టాలి, చలి తగలనివ్వకూడదు, నొప్పి మందు ఆలస్యం చేయకూడదు. ఇలా చదివింది బట్టీ పట్టక్కర్లేదు.

భార్యాభర్తలిద్దరూ సికిల్ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. ఈ లెక్క పరీక్షలో ఒక మార్కు. మన ఇళ్ళల్లో పెళ్ళి మాటలప్పుడు మాత్రం ఒక బిడ్డ బతుకు.

ర్యాంకు కొట్టాల్సిందే. అది వచ్చేదాకా కూడా ఈ చదువు మన ఊళ్ళకి పనికొస్తూనే ఉంటుంది. నర్సింగ్ చదివే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఇంగ్లీషుకి భయపడి ఆగిపోకండి. మాతో కలిసి చదవండి.