కృష్ణమ్మ పుట్టింటి ఎర్రపండు

హంసలదీవి చెంత సముద్రంలో కలిసే కృష్ణానది ఎక్కడ పుట్టినదని అడిగితే, బడికి వెళ్ళే తెలుగు బాలలు మహాబలేశ్వరమని తడుముకొనకుండా చెబుతారు. మహారాష్ట్రలోని సతారా జిల్లాలో, సహ్యాద్రిపై సుమారు 1,350 మీటర్ల ఎత్తున ఉన్న ఆ ఊరికి మరొక ప్రసిద్ధి కూడా కలదు. అది స్ట్రాబెర్రీ. మన దేశంలో పండే స్ట్రాబెర్రీలలో అధికభాగం అక్కడివే. 2010లో ఆ పండుకు భౌగోళిక గుర్తింపు లభించింది.

స్ట్రాబెర్రీ చెట్టున కాయదు. జానెడు ఎత్తు మొక్క. కాడకు మూడేసి ఆకులు. అయిదు రేకుల తెల్లని పువ్వు. రేకులు రాలిన పిమ్మట పువ్వు నడిమి భాగం ఉబ్బి, ఆకుపచ్చగా, తరువాత తెల్లగా, చివరకు ఎర్రగా మారుతుంది. దానిపై నువ్వులవలె అంటి ఉన్నవి విత్తనాలని పిల్లలు అనుకుంటారు, పెద్దలూ అంతే. వృక్షశాస్త్రం ప్రకారం ఆ ఒక్కొక్క గింజే అసలైన పండు. విత్తనం దాని లోపల ఉంటుంది. జీడిమామిడి కూడా ఇట్టిదే కదా! అందులో అసలు పండు క్రింద వ్రేలాడే జీడిగింజ.

కొండ చల్లదనం ఈ మొక్కకు హితం. కొండ వాన మాత్రం పరమశత్రువు. మహాబలేశ్వరంలో ఏటా సగటున 5,000 మిల్లీమీటర్లకు పైగా వర్షం కురుస్తుంది. అంతా నిలిచిపోతే మూడు నిలువుల లోతు! కనుక కాలిఫోర్నియా నుండి తెప్పించిన తల్లిమొక్కలను దిగువనున్న వాయి పరిసరాల నారుమళ్ళలో పెంచుతారు. తల్లిమొక్క నేలమీదుగా తీగలు చాచుతుంది. తీగ కణుపు మట్టిని తాకిన చోట వేళ్ళు దిగి పిల్లమొక్క లేస్తుంది. వానలు తగ్గిన సెప్టెంబరు, అక్టోబరు నెలలలో ఈ పిల్లలను ఘాట్ ఎక్కించి పొలాలలో నాటుతారు.

నవంబరు చివర మొదలయ్యే కోత మార్చి, ఏప్రిల్ వరకు సాగుతుంది. రైతు ఆశలన్నీ ఆ కొద్ది నెలల మీదనే. నడుమ అకాలవర్షం పడినదా, పండ్లు బూజు పట్టి మడిలోనే కుళ్ళిపోతాయి. మామిడికాయను పచ్చిగా కోసి గడ్డిలో మాగవేయవచ్చు. స్ట్రాబెర్రీ తెంపిన తరువాత కొంత రంగు తిరిగినా తీపి పెరగదు. ఎర్రబడినదానినే, ఎండ ఎక్కకముందే, పచ్చని తొడిమతో సహా గిల్లి కోయాలి. వ్రేలితో గట్టిగా నొక్కితే చాలు, అక్కడ కమిలిపోతుంది. అందుకే చిన్న పెట్టెలలో పలుచగా పేర్చి, ఆలస్యం చేయక పూణే, ముంబై నగరాలకు పంపుతారు.

పంచగని, మహాబలేశ్వరాల నడుమనున్న భిలార్ గ్రామానికి వెళ్ళే పిల్లలకు మరొక లాభం. స్ట్రాబెర్రీ తోటల నడుమ ఉన్న ఆ ఊరు 2017 నుండి పుస్తకాల గ్రామం. ఇళ్ళలోనే మరాఠీ పుస్తకాలు బారులు తీరి ఉంటాయి. ఎవరైనా కూర్చుండి చదువుకొనవచ్చు. ఎర్రబడిన చేతివ్రేళ్ళు కడుగుకొన్న తరువాతనే సుమా!